షెడ్డు మూసిన మేస్త్రి

రిటైరు కావటమంటే నాలాటి ఉద్యోగస్థుడికి ఒక తేదీ. మార్కాపురంలో మోటారు షెడ్డు నడిపి బతికిన మామకు అలాటి తేదీ లేదు. మోకాళ్లు వంగక, లారీ కిందికి దూరలేకపోయిన రోజున పని ఆగింది. దండా లేదు, సభా లేదు. మొన్న ఎండాకాలంలో ఆయన పోయాడు.

మామ నాకు చుట్టం కాదు. మా నాయన పలకల లారీ నడిపేవాడు. మార్కాపురం పలక అందరికీ తెలుసు. దాన్ని మోసిన లారీని బాగుచేసినవాడు ఎవరికీ తెలియడు. గిద్దలూరు దాటి నంద్యాల వైపు నల్లమల ఘాటులో బండి మొరాయిస్తే, సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో, క్లీనరు ఎదురొచ్చే లారీ ఎక్కి షెడ్డుకు రావలసిందే. మామ గోనెసంచిలో స్పానర్లు వేసుకొని బయలుదేరేవాడు. పదేళ్లవాణ్ణి, ఒక రాత్రి ఆయనకు టార్చిలైటు పట్టింది నేను.

స్క్రూడ్రైవరు మొన ఇంజనుకూ, పిడి చెవికీ ఆనించి, ఏ నాజిలు సరిగా కొట్టటం లేదో చెప్పాడాయన. పొగ నల్లగా వస్తే డీజిలుకు తగిన గాలి అందటం లేదు. నీలంగా వస్తే ఆయిలు కాలుతున్నది. తెల్లగా వస్తే డీజిలు కాలకుండా పోతున్నది, లేదా లోపలికి నీళ్లు దిగుతున్నవి. ఈ విద్యకు ఆయన చదివిన చదువు అయిదో తరగతి. నేను తర్వాత ఎం.ఏ.లో గణవిభజన నేర్చుకున్నాను. అక్కడ తప్పితే పోయేది ఒక మార్కు. ఆయన తప్పితే ఘాటు దిగే లారీలో మనుషులు పోతారు.

ఇక్కడ ఆపితే ఇది వట్టి పొగడ్త అవుతుంది. షెడ్డులో పనికి చేరిన కుర్రవాళ్లకు మామ రెండేళ్లపాటు తిండే గాని జీతం ఇవ్వలేదు. "నేనూ అట్లనే నేర్చుకున్నా" అనేవాడు. దోపిడీ పైనుంచే వస్తుందనుకునేవాళ్లం ఈ మాట గుర్తుంచుకోవాలి.

బ్రేకు డ్రమ్ము విప్పి ధూళిని నోటితో ఊదేవాడు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. పలకల కార్ఖానాల్లో రాతిధూళి పీల్చినవారి జబ్బుకు సిలికోసిస్ అని పేరన్నా ఉంది. మామ దగ్గుకు ఎవరూ పేరు పెట్టలేదు.

చట్టాలు లేవా? ప్రావిడెంటు ఫండు చట్టం 1952లో వచ్చింది. 20 మందికి తక్కువగా పనిచేసే చోట అది తప్పనిసరి కాదు. షెడ్డులో ఉన్నది నలుగురు. 2019లో అసంఘటిత కార్మికులకు శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పెట్టారు. చేరటానికి వయసు 18-40 మధ్య ఉండాలి. అప్పటికి మామ అరవై దాటాడు. చివరకు దక్కింది వృద్ధాప్య పింఛనే. అది 2024 జూలైలో నెలకు 4,000 అయింది. ఇక 2020లో బి.ఎస్.-6 బండ్లు వచ్చినవి. స్కానరు లేనిదే వాటి జబ్బు తెలియదు. చెవికి పని తప్పింది.

నేను లెక్చరరునయ్యాక ఒకసారి అడిగాడు: "అబ్బయ్యా, నువ్వు చెప్పే పుస్తకాల్లో మా షెడ్డు ఉందా?"

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' గురించి చెప్పాను. శ్రమజీవుల కోసం రాసిన కవిత్వమన్నాను. శ్రద్ధగా విన్నాడు.

"చెమట సంగతి ఉందన్నమాట. తెలివి సంగతి?"

జవాబు తోచలేదు. ఆయన విద్యనంతా రాసుకుంటానని మాటిచ్చాను. రెండు ఆదివారాలు వెళ్లాను. తర్వాత పరీక్ష పేపర్లు, కాలేజీ తనిఖీలు, సెలవులు. నోటుపుస్తకంలో పదకొండు పేజీలు నిండాయి. నాజిళ్ల దగ్గర ఆగింది. గేరుపెట్టె దాకా రాలేదు.

కార్మికుడి కష్టాన్ని మనం రాశాం, రాయవలసిందే. కాని అతన్ని జాలిపడదగినవాడుగానే చూసినంతకాలం, అతని బుర్రలో ఉన్నది అతనితోపాటే మట్టిలో కలుస్తుంది. ఈ ఏడు నా విద్యార్థులకు ఒకే పని చెప్పాను. ఇంట్లో పెద్దవాళ్లు చేసే పనిలోని మాటల్ని, వాటి అర్థాల్ని రాసుకురమ్మన్నాను. వాళ్లు నాలాగా వాయిదా వేయకూడదని.