దీపాల పెట్టెలో దొరికిన కాగితం

న్యూయార్కు నగరంలో 5వ అవెన్యూ, 91వ వీథి కలిసేచోట, తోట నడుమ 64 గదుల భవంతి ఒకటి ఉన్నది. ఉక్కు వ్యాపారంలో అపారధనం గడించిన ఆండ్రూ కార్నెగీ 1902లో అందులో కాపురం పెట్టాడు. దేశదేశాలలో 2,500కు పైగా గ్రంథాలయాలకు ధనమిచ్చిన దాత ఆయన. ఆయన ఇల్లు నేడు కూపర్ హ్యూయిట్ డిజైన్ మ్యూజియం. దాని గ్రంథాలయంలో, ముందుగా కబురుచేసి సమయం నిర్ణయించుకున్నవారెవరైనా రుసుము లేకుండా చదువుకోవచ్చు.

చూడవచ్చినవారి కళ్లు కుర్చీల మీద, పట్టువస్త్రాల మీద పడతాయి. కాని మ్యూజియం సంపదలో సగానికి మించినది కాగితమే. రేఖాచిత్రాలు, ముద్రణలు, ప్రకటన పత్రాలు కలిసి సుమారు 1,47,000. వీటిలో చాలావరకు గోడకు వేలాడదీయడానికి గీసినవి కావు. మేడకప్పు అలంకరణకు వేసిన నమూనా, వెండిగిన్నె అంచుకు గీసిన లత, కుర్చీకాలి వంపు: ఇవన్నీ పనివాని కాగితాలు. పని పూర్తయిన తరువాత చిత్తుబుట్టకు పోవలసినవి. గిన్నె ఏనాడో కరిగిపోయింది, మేడ కూలిపోయింది, చిత్తుకాగితం మాత్రం మిగిలింది!

వీటిని పోగుచేసే పనికి మూలపురుషుడు పీటర్ కూపర్. బడిలో ఏడాదైనా పూర్తిగా చదవని ఈ జిగురు వ్యాపారి, 1859లో కూపర్ యూనియన్ అనే ఉచిత విద్యాసంస్థను నెలకొల్పాడు. దాని పఠన మందిరం రాత్రి 10 గంటల వరకు తెరచి ఉండేది. పగలంతా ఒళ్లు వంచి పనిచేసేవానికి చదువుకొనే తీరిక రాత్రివేళనే గదా! సంస్థలో మ్యూజియం కూడా ఉండాలని తాతగారు కన్న కలను మనుమరాండ్రు సారా, ఎలియనార్ హ్యూయిట్‌లు 1897లో నిజం చేశారు.

అక్కాచెల్లెళ్ల దృష్టి పేరుమోసిన చిత్రకారుల మీద లేదు. వడ్రంగికి, నేతగానికి, కంసాలికి పనికివచ్చేది వారికి కావాలి. 1901లో రోములోని బోర్గేసె చిత్రశాల అధికారి పియాంకాస్టెల్లి సేకరించిన వేలకొలది ఇటలీ రేఖాచిత్రాలు మ్యూజియానికి చేరాయి. అంతేకాక, ఎక్కడెక్కడి బొమ్మలనో కత్తిరించి, విషయాలవారీగా వేరుచేసి, పెద్ద పెద్ద పుస్తకాలలో అంటించారు. తలుపు గొళ్లెం చేసేవాడు గొళ్లేల పుటలు తిరగవేస్తే చాలు. గీసినవాని పేరు కాక వస్తువు ఉపయోగమే వర్గీకరణకు ఆధారమైంది. పండితులకు ఇది చికాకు కలిగించవచ్చు. పనివానికి మాత్రం ఇంతకంటె సుళువైన దారి లేదు.

అటువంటి నిధికి 1963లో గండం వచ్చింది. కూపర్ యూనియన్ పాలకవర్గం ఖర్చు భరించలేమని మ్యూజియాన్ని మూసివేయడానికి నిశ్చయించింది. పౌరులు సంఘంగా ఏర్పడి అడ్డుపడ్డారు. 1967లో స్మిత్సోనియన్ సంస్థ దానిని చేపట్టడానికి ఒప్పుకున్నది. కార్నెగీ భవంతిలో మ్యూజియం తలుపులు తెరచుకున్నది 1976లో. నడుమ ఆ సంచయం వేలంపాటలో చెల్లాచెదరై ఉంటే, దీపాల నమూనాలున్న పెట్టె ఒకటి ఎవరి అటకమీదికి చేరేదో!

ఆ పెట్టెను 2002లో స్కాట్లండు జాతీయ చిత్రశాలల అధిపతి తిమతీ క్లిఫర్డ్ తెరిచాడు. ఒక్కొక్క కాగితమే తిరగవేస్తుండగా, నల్లని సుద్దతో గీసిన కొమ్మల దీపస్తంభం ఒకటి ఆయన చేతిని ఆపింది. గీసినవాని పేరు లేదు. మ్యూజియం 1942లో 5 రేఖాచిత్రాలను కలిపి 60 డాలర్లకు కొన్నప్పుడు వచ్చినది అది. తలకు 12 డాలర్లు పడిందన్నమాట. ఈ గీత మైకెలాంజెలోది అన్నాడు క్లిఫర్డ్. పండితులు పరీక్షించి ఔనన్నారు. విలువ కోటి డాలర్లకు తక్కువ ఉండదని అప్పుడు లెక్కకట్టారు.

అరవై ఏండ్లు దానిని ఎవరూ గుర్తించలేదన్న నింద మ్యూజియానికి రావచ్చు. కాని గొప్పవారి పేర్లున్నవే దాచుకొనే చోట అయితే, పేరులేని ఆ దీపస్తంభానికి స్థానమే దొరికేది కాదు.

ఇటువంటి కాగితాలకు వెలుతురే శత్రువు. చూపిన కొద్దీ రంగు తరిగిపోతుంది, పోయినది మళ్లీ రాదు. చూపకుండా దాచితే మ్యూజియం ఎందుకు? అందుచేత మసక వెలుతురులో కొద్దికాలం ప్రదర్శించి, మళ్లీ పెట్టెలో పెట్టి, ఏండ్ల తరబడి విశ్రాంతినిస్తారు. మైకెలాంజెలో దీపస్తంభానిదీ అదే వరుస. తక్కిన కాలమంతా దానికి చీకటే.