కుంతి అడిగిన ప్రశ్న: కౌమారభాష, శబ్దార్థ విచారం

శబ్దార్థ సంబంధం నిత్యమా, సంకేతజన్యమా అన్న విచారం భారతీయ దర్శనాలలో అతి ప్రాచీనమైనది. నిత్యమని మీమాంసకులు, సంకేతమని నైయాయికులు ప్రతిపాదించారు. ఇది పండితసభలకు మాత్రమే పరిమితమైన చర్చ అని తలచేవారు, కౌమారవయస్కులు ఉన్న ఏ ఇంటిలోనైనా ఒక్క సాయంకాలం గడిపితే చాలు. 'కేక', 'తోపు', 'లైట్ తీస్కో', 'స్లే', 'రిజ్' వంటి శబ్దాలు చెవిని తాకుతాయి. అర్థం మాత్రం చేతికి అందదు. "మా పిల్లవాడు మాట్లాడేది తెలుగే, కానీ ఒక్క ముక్క బోధపడదు" అని దేవాలయ ప్రాంగణంలో తల్లిదండ్రులు తరచు వాపోవడం వినబడుతుంది. కొందరు ఇది కలిప్రభావమంటారు. మరికొందరు భాష నశించిందని నిట్టూరుస్తారు. ఈ రెండు తీర్మానాలకు ముందు శాస్త్రం ఏమంటుందో పరిశీలించడం యుక్తం.

శిశువుకు పదార్థజ్ఞానం ఎలా కలుగుతుంది? శాస్త్రకారులు దీనికి వృద్ధవ్యవహారాన్ని ప్రధాన కారణంగా చెప్పారు. ఒక పెద్ద మరొకరితో "గోవును తీసుకురా" అంటాడు, అతడు తెస్తాడు. పక్కన ఉన్న బాలుడు మాటను, క్రియను రెండింటినీ గమనిస్తాడు. తరువాత "గోవును కట్టు, అశ్వాన్ని తీసుకురా" అన్నప్పుడు ఏ పదం మారితే ఏ క్రియ మారిందో, ఏ వస్తువు మారిందో గ్రహిస్తాడు. దీనికే ఆవాపోద్వాపాలని పేరు. ఆ బాలునికి ఎవరూ నిఘంటువు ఇవ్వలేదు. అతడు పెద్దలను నిందించనూ లేదు, "ఇదేమి భాష" అని విసుగుకోనూ లేదు. ఓర్పుతో విన్నాడు.

నేడు ఆ స్థానాలు తారుమారయ్యాయి. వ్యవహరించేవారు పిల్లలు, పక్కన నిలిచి వినవలసినవారు పెద్దలు. నాడు రెండేళ్ల బిడ్డ చూపిన ఓర్పులో పదోవంతు నేడు నలభై ఏళ్ల తండ్రి చూపితే సమస్యలో సగం తీరుతుంది.

అలా వింటే, అపరిచితంగా తోచిన ఈ భాషలో సుపరిచితమైన వ్యాపారాలే కనబడతాయి. 'సినిమా కేక' అన్నప్పుడు కేక అనే కార్యం చేత దాన్ని పుట్టించిన ఆనందం లక్షితమవుతోంది. గంగపై గొల్లపల్లె అంటే గంగాతీరంలోని పల్లె అని గ్రహించే సంప్రదాయానికి ఇది కొత్త కాదు. హాస్యం విని "చచ్చానురా" అనే బాలుడు మృత్యువును చెప్పడం లేదు, ఆపుకోలేని నవ్వును చెబుతున్నాడు. 'కరిజ్మా' అనే ఆంగ్లపదం నుండి నడిమి ముక్కను మాత్రం నిలుపుకొని, ఆకర్షణశక్తి అనే అర్థంలో 'రిజ్' అంటున్నారు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు 2023లో దానినే ఆ సంవత్సరపు పదంగా ఎంచుకున్నారు. పదభాగాన్ని లోపింపజేసి మిగిలినదానితో వ్యవహరించడం మనకూ ఉన్నదే. సత్యభామను భామ అనడాన్ని వైయాకరణులు ఏనాడో సమర్థించారు.

అర్థమే లేని శబ్దాలూ ఉన్నాయి. 'సిక్స్ సెవెన్' అనే మాటను డిక్షనరీ డాట్ కామ్ 2025 సంవత్సరపు పదంగా ప్రకటించింది. దానికి నియతమైన అర్థం లేదు. కలిసి పలకడమే దాని ప్రయోజనం. సామగానంలో 'హావు', 'హాయి' వంటి స్తోభాక్షరాలు ఉన్నాయి. వాటికి లోకంలో వాచ్యార్థం లేదు, అయినా గానం వాటితోనే పూర్ణమవుతుంది. ఛాందోగ్యం వాటికి ఉపాసనలను సైతం విధించింది. ఇక్కడి పోలిక పవిత్రతలో కాదు. ప్రతి ధ్వని నుండీ పదార్థాన్ని పిండనవసరం లేదనడానికే ఈ ఉదాహరణ.

ఇక పూర్వతరం మాట. 1982లో జంధ్యాల దర్శకత్వంలో వచ్చిన 'నాలుగు స్తంభాలాట' తరువాత, విసుగు పుట్టించే ప్రసంగానికి 'సుత్తి' అన్న మాట తెలుగునాట ఇంటింటా మారుమోగింది. ఇద్దరు నటులకు అది ఇంటిపేరుగానే స్థిరపడింది. నాడు ఆ మాట పలికి తల్లిదండ్రుల చేత చీవాట్లు తిన్న యువకులే నేటి తాతలు. వారి తెలుగు నశించలేదు.

అలాగని సర్వశబ్దాలూ సర్వత్ర గ్రాహ్యమేనా? కాదు. పతంజలి మహర్షి మహాభాష్యారంభంలో, పస్పశాహ్నికంలో, ఒక వృత్తాంతం చెప్పాడు. ధర్మాన్ని ప్రత్యక్షంగా దర్శించిన, పరాపరములు ఎరిగిన ఋషులు కొందరు ఉండేవారు. 'యద్వా నః, తద్వా నః' అనవలసిన చోట వారు 'యర్వాణః, తర్వాణః' అనేవారు. ఆ అపభ్రంశమే వారికి పేరైంది. అయితే యజ్ఞకర్మలో మాత్రం వారు అపశబ్దం పలుకలేదు. అసురులు యజ్ఞంలోనే పలికి పరాభూతులయ్యారు. అర్థబోధకు సాధుశబ్దం, అపశబ్దం రెండూ సమర్థమేననీ, నియమం ధర్మం కోసమేననీ ఆ గ్రంథంలోనే స్పష్టంగా ఉంది.

తల్లిదండ్రులకు ఇంతకన్న స్పష్టమైన మార్గదర్శనం అవసరం లేదు. మిత్రగోష్ఠిలో బాలుడు తన భాష మాట్లాడవచ్చు. సంధ్యావందనంలో, గురుసన్నిధిలో, వృద్ధుల ఎదుట, పరీక్షాపత్రంలో ఏ వాక్కు తగునో అతనికి తెలిసి ఉండాలి. నిషేధించవలసినది భాషను కాదు, నేర్పవలసినది స్థానభేదాన్ని. గీతాచార్యుడు పదిహేడవ అధ్యాయంలో వాఙ్మయ తపస్సుకు చెప్పిన తొలి లక్షణం, ఇతరులకు ఉద్వేగం కలిగించకపోవడం. స్త్రీలను, అంగవైకల్యం గలవారిని, ఒకరి పుట్టుకను కించపరిచే మాట ఎంత 'కూల్' అయినా ఆ పరీక్షలో నిలువదు. చాలాసార్లు పిల్లలకు ఆ మాట మూలార్థం తెలియదు. కోపగించకుండా విప్పి చెబితే చాలామంది తామే విడిచిపెడతారు.

ఇంతవరకు శబ్దసౌష్ఠవం సంగతి. అసలు విషయం ఇంకా గంభీరమైనది.

గోదావరీతీరంలోని ఒక పట్టణంలో ఒక దంపతులకు ఇంటర్మీడియట్ చదివే కుమారుడున్నాడు. కొన్నాళ్లుగా అతడు ఫోనులో మిత్రునితో "అయామ్ డన్ రా" అంటున్నాడు. తండ్రి అది విని సంతోషించాడు. 'డన్' అంటే పూర్తయిందని కదా. ఆనాటి పాఠాలు పూర్తిచేశాడనుకున్నాడు. తల్లికి ఆంగ్లం అంతగా రాదు. కానీ కుమారుడు పెరుగన్నం సగంలో వదిలి లేవడం, తెల్లవారుజామున దీపం వెలిగే ఉండటం ఆమె గమనించింది. ఒక రాత్రి తండ్రి నిద్రించాక పక్కన కూర్చుని, "కన్నా, వారం నుంచీ డన్ డన్ అంటున్నావు, అంటే ఏంట్రా? నాతో చెప్పేదైతే చెప్పు" అంది. అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంక నావల్ల కాదమ్మా అని" అన్నాడు.

వారాంతపు పరీక్షల ర్యాంకు, నిద్రలేమి, తండ్రి ఆశకు తాను తగనన్న దిగులు, అన్నీ ఆ రాత్రి బయటపడ్డాయి. మరునాడు తండ్రి కళాశాలకు వెళ్లి రాత్రి స్టడీ అవర్స్ మాన్పించాడు. వైద్యుని వద్దకు తీసుకువెళ్లారు. బాలుడు కోలుకున్నాడు. అదే శబ్దాన్ని తండ్రి నిఘంటువుతో విన్నాడు, తల్లి ప్రకరణంతో విన్నది.

'సైంధవం తెమ్ము' అన్నప్పుడు భోజనవేళ ఉప్పు, ప్రయాణవేళ గుర్రం అని శాస్త్రం చెబుతుంది. వక్త ముఖం, వేళ, మౌనం, భోజనం, నిద్ర, ఇవన్నీ ప్రకరణమే. "చచ్చాను" అని నవ్వుతూ అన్నది హాస్యం. ఆ మాటనే తలుపు వేసుకుని నెమ్మదిగా అన్నది హాస్యం కాకపోవచ్చు. తేడా శబ్దంలో లేదు.

మహాభారతం ఆదిపర్వంలో పాండవులు వారణావతానికి బయలుదేరిన వేళ విదురుడు ధర్మరాజుతో గూఢమైన భాషలో మాట్లాడాడు. చుట్టూ జనులున్నారు, ఎవరికీ తెలియలేదు. ధర్మరాజు "తెలిసింది" అని మాత్రం అన్నాడు. అందరూ మరలిపోయాక కుంతి కుమారుని సమీపించింది. జనమధ్యంలో విదురుడు చెప్పీ చెప్పనట్లు ఏదో అన్నాడనీ, నీవు అంగీకరించావనీ, తమకు తెలియలేదనీ, వినదగినదైతే, దోషం లేకపోతే, ఆ సంవాదం వినగోరుతున్నాననీ అడిగింది. ధర్మరాజు వెంటనే చెప్పాడు: అగ్నివల్ల ప్రమాదం ఉంది, మార్గాలు తెలిసి ఉండాలి.

ఆ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. కుంతి జనం ఎదుట అడగలేదు, ఏకాంతానికి వేచింది. తనకు తెలియలేదని ఒప్పుకొంది. రాజమాతను కదా అని అధికారం చూపలేదు. చెప్పకపోయే స్వేచ్ఛను కుమారునికే విడిచింది. అందుకే సమాధానం లభించింది. ఆమె విన్నది నిందాకరమైన రహస్యం కాదు, లక్క ఇల్లు కాలబోతున్నదన్న హెచ్చరిక.

దీనికి ప్రత్యుదాహరణ కఠోపనిషత్తులో ఉంది. శుష్కించిన గోవులను దానమిస్తున్న తండ్రిని చూసి నచికేతుడు "నన్ను ఎవరికి ఇస్తావు" అని రెండవమారు, మూడవమారు అడిగాడు. ఆ ప్రశ్న వెనుక ఉన్నది శ్రద్ధ. తండ్రి చెవికి చేరినది ధిక్కారం. కోపంతో మృత్యువుకు ఇస్తానన్నాడు. ఆ బాలుడు యముని ఎదుట కోరిన మొదటి వరమేమిటి? ఆత్మవిద్య కాదు, స్వర్గాగ్ని కాదు. తన తండ్రి కోపం ఉపశమించి, మనసు ప్రసన్నం కావాలని. పిల్లలు ఎంత దూరం వెళ్లినా మొదట వెదికేది తల్లిదండ్రుల ప్రసన్నతనే.

కొందరు తల్లిదండ్రులు మరో అంచుకు వెళ్లి, తామూ 'బ్రో', 'స్లే' అంటూ సంతానంతో మాట్లాడతారు. అర్థగ్రహణం వేరు, అనుకరణం వేరు. పిల్లలకు ఇంటిలో మరొక స్నేహితుడు అక్కరలేదు. తమ భాష తెలిసిన తల్లి, తండ్రి కావాలి. వారి ఫోనును రహస్యంగా శోధించడమూ వినడం కాదు, అది నమ్మకాన్ని మూలం నుండి నరకడం. సమాధానంలో నిరాశ, జీవితంపై విముఖత కనబడితే ఉపన్యాసం, మొక్కుబడి రెండూ తరువాతి మాట. ముందు వైద్యసహాయం పొందాలి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. సహాయం కోరడం దైవంపై అవిశ్వాసం కాదు. విదురుడు ఆశీర్వదించి ఊరుకోలేదు, సొరంగం త్రవ్వేవానిని కూడా పంపాడు.

ఈ రాత్రి భోజనానంతరం టీవీ ఆపి, వినదగినదైతే చెప్పమని బిడ్డను అడగండి. 'తోపు' అంటే ఏమిటో మొదట తెలియవచ్చు. తరువాత తెలియవలసినది దానంతట అదే వస్తుంది.

సర్వగృహాలలో వాక్కు, అర్థం ఎడబాయకుండుగాక. స్వస్తి.