ఎర్రనేలలో క్యారెట్

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఖరగ్‌పూర్ చేరిన మన తెలుగువాళ్లతో పెరటి సాగు కూడా ఇక్కడికి వచ్చింది. ఈ ఊళ్లోని మథురాకాటి వైపు చలికాలమంటే నాకు కూరమళ్లే గుర్తొస్తాయి.

ఈ ఎర్ర కంకరనేల క్యారెట్‌కు కష్టం. రాయి అడ్డొస్తే దుంప రెండుగా చీలుతుంది. సన్నవేళ్ల నిండా బొడిపెలుంటే మాత్రం అది నులిపురుగు పనే. ఏ పురుగూ తాకని విత్తనమంటూ లేదు. నేలను బాగుచేసుకోవడమే అసలు రక్షణ. అందుకే ముందు ఆ మడిలో బంతి పెంచుతాను. దాని వేళ్లలోని ఆల్ఫా టెర్థియనిల్ అనే పదార్థం నులిపురుగును అణుస్తుంది. తర్వాత లోతుగా తవ్వి, కంకర ఏరి, వేపపిండి కలిపి, అక్టోబరు, నవంబరుల్లో గింజలు నేరుగా మడిలోనే వేస్తాను. టమాటా, వంగ పండిన మడిలో మాత్రం వెంటనే వేయను; నులిపురుగు వాటికీ పడుతుంది.

పురుగుమందు కొనేముందు ఒక్కసారి మడి మార్చి చూడండి.