వేలిముద్ర కింద నా సంతకం

అప్పు పత్రం చివర ఒక వాక్యం ఉంటుంది. వేలిముద్ర వేసినవారికి ఇందులోని సంగతులన్నీ వారికి తెలిసిన భాషలో చదివి వివరించామని. దాని కింద ముప్ఫయ్యేళ్లుగా సంతకాలు పెడుతున్నాను. దాని బరువెంతో నాకు తెలియజెప్పినవాడు మాత్రం రెండు వందల ఏళ్ల కిందటి ఒక అమెరికా వకీలు. లా చదివే మా అబ్బాయి పుస్తకాల్లో కనిపించాడు.

హ్యూ హెన్రీ బ్రాకెన్‌రిడ్జ్ 1748లో స్కాట్లండ్‌లో పుట్టాడు. పసితనంలోనే తల్లిదండ్రులతో పెన్సిల్వేనియా చేరాడు. పేద రైతు కుటుంబం. ప్రిన్స్‌టన్‌లో జేమ్స్ మాడిసన్‌తో కలిసి 1771లో పట్టా పుచ్చుకున్నాడు. 1781లో పడమటి సరిహద్దున చిన్న ఊరైన పిట్స్‌బర్గ్‌లో వకీలుగా స్థిరపడ్డాడు. ఆ ఊరికి పత్రిక రావడానికీ, బడి రావడానికీ పాటుపడ్డాడు. 1799లో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీ అయ్యాడు. 1814లో 'లా మిసెలనీస్' ప్రచురించాడు. ఇంగ్లండు చట్టంలో తమ నేలకు ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అన్నదే అందులో ఆయన విచారణ. 1816లో చనిపోయాడు.

నన్ను పట్టి నిలిపింది ఆయనే రాసిపెట్టిన 1785 నాటి కేసు. మమచ్‌టాగా అనే డెలావేర్ తెగవాడు తాగిన మత్తులో హత్య చేశాడు. అతని తరఫున వాదిస్తానన్నందుకు జనం బ్రాకెన్‌రిడ్జ్ మీదికే వచ్చారు. దుబాసీ మాట మీద మమచ్‌టాగా బీవర్ తోళ్లు ఇస్తానని కాగితంపై గుర్తు పెట్టాడు. అది వకీలు ఫీజు. అతను మాత్రం హత్యకు పరిహారం అనుకున్నాడు. విచారణలో, నేరం చేయలేదని చెప్పమంటే అబద్ధమాడనన్నాడు. ఉరి తీశారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1996లో హోసూరు దగ్గర ఒక శాఖలో పనిచేశాను. ఒక రైతు తన బామ్మర్ది అప్పు పత్రం మీద వేలిముద్ర వేశాడు. పత్రం ఇంగ్లీషులో ఉంది. ఆయనదీ తెలుగే, నాదీ తెలుగే. క్యూ పెద్దదిగా ఉందని నేను చదవకుండానే సంతకం పెట్టేశాను. రెండేళ్లకు నోటీసు అందుకుని వచ్చాడు.

"సాక్షికి గదా సామీ నేను ఏలు ఒత్తింది!"

సాక్షిగా కాదు, జామీనుదారుగా. అరెకరం అమ్మి బాకీ తీర్చాడు.

మమచ్‌టాగాకు దుబాసీ కావలసి వచ్చాడు. మా ఇద్దరి మధ్య ఆ అవసరం కూడా లేదు. ఇప్పుడు ప్రతి పత్రం తెలుగులో చెప్పి, తిరిగి వాళ్లచేత చెప్పించుకున్నాకే సంతకం పెడుతున్నాను. క్యూలో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.