పేట కతలు – 17: టిప్పర్ నీడ

మా ఆత్మకూరులో బేల్దారి పనికి పోయేవాళ్లలో మా పేటోళ్లు చానామంది. మేస్త్రి ఏ కులపోడైనా కావచ్చు, కంకర తట్ట మాత్రం మా ఆడోళ్ల నెత్తి మీదే. టిప్పర్ వెనక నిలబడేది వాళ్లే, ఎందుకంటే కంకర పడేది వెనకే.

పదేళ్ల కిందట రోడ్డు పనిలో మా చిన్నమ్మ కాలు టిప్పర్ చక్రం కింద నలిగింది. మధ్యాన్నం సంగటి తిని బండి నీడన కూసుంది. డ్రైవర్ రివర్స్ గేర్ వేసినాడు. వెనక చూసి చెప్పే క్లీనర్ లేడు. ఒక కూలి మిగులుతుందని కాంట్రాక్టర్ మాన్పించినాడు. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేసినారు.

"బండి కింద కూసోవడమేంది?" అని ఊరంతా ఆమెనే అడిగింది. మే నెల ఎండలో ఆ రోడ్డు మీద ఇంకో నీడ యాడుందో చెప్పినోళ్లు లేరు.

టిప్పర్ అద్దాల్లో పక్కలు కనపడతాయి, బాడీ వెనక కూసున్న మనిషి కనపడదు. అమెరికాలో దీనికి నిబంధనే ఉంది. వెనక చూపు ఆనని బండికి చుట్టూ ఉన్న మోతను మించి వినపడే అలారం ఉండాల, లేదంటే ఒక మనిషి సైగ చేస్తేనే వెనక్కి కదలాల. మా దగ్గర ఆ మనిషే దండగ ఖర్చు.

పోలీసులు డ్రైవర్ మీద కేసు రాసినారు. ఆ పిల్లోడూ మా అసుమంటి ఇంటోడే. క్లీనర్‌ను మాన్పించినోని పేరు ఆ కాగితంలో లేదు. పెద్దమనుషులు పంచాయితీ చేసి, యాభై వేలు చేతిలో పెట్టి, ఇంకేమీ అడగనని చిన్నమ్మతో వేలిముద్ర ఏయించుకున్నారు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇది గుర్తుపెట్టుకోండి. 1923 నాటి పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం, పరిహారం హక్కు వదులుకుంటూ రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. పని కాంట్రాక్టర్ ద్వారా చేయించినా, అసలు యజమానిని కూడా అడగొచ్చు. దరఖాస్తుకు రెండేళ్ల గడువు. ఇప్పుడా చట్టం 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. అప్పుడు ఇవన్నీ మాకు చెప్పే దిక్కు లేదు. చెప్పినా, మస్టర్‌లో చిన్నమ్మ పేరే లేదు. మేస్త్రి పేరు, పక్కన "మనుషులు 12" అనే అంకె. అంతే.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినారని ప్రతి ఏప్రిల్ 14న మైకులో చెప్పుకుంటాం. దండ వేసి వచ్చే దారిలో ఏదో ఒక పని జరుగుతానే ఉంటుంది. అక్కడ ఆగి మూడు సంగతులు అడగండి. బండి వెనక మనిషున్నాడా? నీడకు పందిరి ఉందా? మస్టర్‌లో ఆడోళ్ల పేర్లు, పేర్లుగా ఉన్నాయా?

జై భీమ్.