ఫోన్‌లో పక్షవాతం జాడ

కోపెన్‌హేగెన్ నడిబొడ్డు నుంచి లోకల్ రైలెక్కి ఊరి శివార్ల వైపు వెళ్తే బాలెరప్ వస్తుంది. డెన్మార్క్ రాజధాని ప్రాంతపు అత్యవసర వైద్య సేవల కేంద్రం ఇక్కడే ఉంది. ప్రాణం మీదికొస్తే చేసే నంబరు 112. అంత ప్రమాదం కాకపోయినా, ఎమర్జెన్సీ వార్డుకు బయల్దేరే ముందు 1813కి ఫోన్ చేయాలి. నర్సో డాక్టరో మాట్లాడి ఏం చేయాలో చెబుతారు. 2014 నుంచి ఇదే పద్ధతి. పక్షవాతాన్ని (స్ట్రోక్‌ను) కాల్‌లోనే పసిగట్టే కృత్రిమ మేధను పరీక్షించింది ఈ 1813 కాల్స్ మీదే. ఆ సంగతేమిటో తెలుసుకుందామనే వెళ్లాను.

రోగుల మాటలు బయటివాళ్లు వినకూడదు. అందుకని కొత్తవాళ్లకు శిక్షణనిచ్చే నర్సు ఒకావిడ నాతోనే ఒక కాల్ ఆడించి చూపించారు. నేను కొడుకుని, ఆవిడ ఫోన్ ఎత్తే నర్సు. ‘‘అమ్మ బాత్రూం దగ్గర పడింది. దెబ్బేమీ తగల్లేదు. కానీ లేవలేకపోతోంది’’ అన్నాను. ఎక్కడ నొప్పి, తల తగిలిందా అంటూ రెండు ప్రశ్నలు వేసి ఆగిపోయారు. స్ట్రోక్ చేజారేది సరిగ్గా ఇక్కడేనట. పడిందన్న మాట పట్టుకుని దెబ్బల గురించే ఆరా తీస్తూ పోతే, ఎందుకు పడిందన్నది అడగకుండానే కాల్ ముగిసిపోతుంది.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ప్రశ్నలు మారాయి. రెండు చేతులూ ముందుకు చాచమనండి, ఒకటి కిందికి జారుతోందా? ఏదైనా ఒక వాక్యం చెప్పమనండి, మాట ముద్దగా వస్తోందా? నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందా? చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది: ఆవిడ మామూలుగా ఉండగా ఆఖరుసారి ఎప్పుడు చూశారు? మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ లెక్క మొదలయ్యేది ఈ జవాబు నుంచే.

ఎంత అనుభవమున్నా ఈ పని కష్టమే. 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 1813కి ఫోన్ చేసిన స్ట్రోక్ రోగుల్లో సిబ్బంది గుర్తించగలిగింది 52.7 శాతం మందినే. కంప్యూటర్ నమూనా 63 శాతం మందిని పట్టుకుంది. ముందు మాటను అక్షరాల్లోకి మార్చి, ఆ పాఠంలో స్ట్రోక్ ఛాయలు ఏ మేరకు ఉన్నాయో లెక్కగట్టడం దాని పని. అది అనుమానించిన ప్రతి నాలుగు కాల్స్‌లో నిజంగా స్ట్రోక్ అయినది దాదాపు ఒకటే. సిబ్బంది విషయంలో ఆరింటికొకటి. వెయ్యి కాల్స్‌లో అయిదారైనా స్ట్రోక్ ఉండని చోట ఈ తేడా చిన్నదేమీ కాదు.

అలాగని యంత్రం హెచ్చరిస్తే చాలనుకోకూడదు. గుండె ఆగిన కేసుల కోసం ఇదే కేంద్రంలో అంతకుముందు ఇలాంటి సాధనాన్నే సిబ్బంది ముందుంచి పరీక్షించారు. 2021లో వచ్చిన ఫలితాల్లో, హెచ్చరిక అందినవారికీ అందనివారికీ గుర్తింపులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హెచ్చరికను నమ్మాలా వద్దా, నమ్మితే వెంటనే ఏం అడగాలి అన్నది మనిషికి అలవాటు కావాలి. నర్సు నాతో కాల్‌ను మళ్లీ మొదటినుంచి ఆడించడంలోని విలువ నాకప్పుడు అర్థమైంది.

నన్ను అన్నిటికన్నా కదిలించింది మాత్రం నమూనా వెనకున్న ఓపిక. దానికి నేర్పడానికి 2015 నుంచి 2020 దాకా వచ్చిన సుమారు 15 లక్షల కాల్స్ వాడారు. రికార్డింగులు పోగేసినంత మాత్రాన సరిపోదు. ఏ కాల్ నిజంగా స్ట్రోక్ అన్నది ఎవరో చెప్పాలి. డెన్మార్క్‌లో ప్రతి పౌరుడికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంది, దేశమంతటికీ ఒక స్ట్రోక్ రిజిస్ట్రీ ఉంది. ఫోన్‌లో విన్న మాటను ఆస్పత్రిలో తేలిన జబ్బుతో కలిపి చూడగలిగారు. ఆ ముడి పడబట్టే యంత్రానికి చదువు అబ్బింది.

మన 108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది. మనవాళ్లు ఫోన్ చేసి స్ట్రోక్ అనరు. ‘‘మూతి వంకర పోయింది’’, ‘‘కాలూ చెయ్యీ పడిపోయాయి’’, ‘‘నోట మాట రావట్లేదు’’ అంటారు. డేనిష్ విని నేర్చుకున్న యంత్రాన్ని కొనితెస్తే ఈ మాటలు దానికి ఎక్కవు. శ్రీకాకుళం తల్లి చెప్పే తీరు ఒకటి, ఆదిలాబాద్ కొడుకు చెప్పే తీరు మరొకటి. వాటిని నేర్పాలంటే ఆ కాల్స్ భద్రంగా ఉండాలి. రోగి గోప్యతకు భంగం రాకుండా, ఏ కాల్ చివరికి ఏ జబ్బుగా తేలిందో 108కు తిరిగి తెలియాలి. అంబులెన్స్ రోగిని దింపగానే పని అయిపోయినట్టు కాకూడదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ యంత్రాల బేరానికి ముందు ఈ ఏర్పాటు మీద డబ్బు పెట్టాలి. యంత్రం రావడం ఆలస్యమైనా, ఆ సమాచారంతో మన కాల్ సెంటర్ల సిబ్బందికి మెరుగైన శిక్షణ రేపటి నుంచే ఇవ్వొచ్చు.