బ్రేకు లేని బండి

మొన్న వేసవిలో ఒకరోజు ఇడ్లీ పిండి కలుపుదామని పెద్ద స్టీలు బేసిన్ కోసం వెతికాను. వంటింట్లో లేదు. పెరట్లో మేకల కొట్టం పక్కన దొరికింది. దాని నిండా డీజిల్, డీజిల్లో నానుతూ పిస్టను, చైను, గుప్పెడు నట్లు. అప్పుడు తెలిసింది, మా పెద్దోడు వాళ్ళ తాత బండి విప్పేశాడని.

ఆ బండి టీవీఎస్ ఫిఫ్టీ. 1980లో హోసూరులో మొదలైంది ఆ బండ్ల తయారీ. ఇద్దరు కూర్చునే మొపెడ్ మన దేశంలో అదే మొదటిది. మా గోరంట్ల చుట్టుపక్కల పల్లెల్లో అది లేని రైతిల్లు తక్కువ. మా మామ దాని మీదే మల్బరీ ఆకు మోపులు మోశారు, పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్‌కు వేశారు, మా పిల్లల్ని బడికి దింపారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. బండి కొట్టంలో గోనెపట్టా కింద ఉంది. నడవదు. అయినా ఆయుధపూజ రోజు మా ఆయన దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టకుండా ఉండరు.

"ఎవర్నడిగి విప్పినావురా?" అన్నాను.

"తుప్పు పడతాండాది మా. ఇంజను బాగుండాది. రేసు బండి చేస్తా."

మావాడు డిప్లొమా చదువుతున్నాడు. ఫోనులో వందేళ్ళ నాటి అమెరికా రేసు బండ్ల బొమ్మలు చూపించాడు. చూడటానికి సైకిలే. కిందికి వంగిన హ్యాండిలు, పైకడ్డీకి వేలాడే పొడుగాటి పెట్రోలు ట్యాంకు, మడ్‌గార్డులు లేని సన్నటి పెద్ద చక్రాలు. 1910 ప్రాంతంలో చెక్క పలకలు పేర్చి, బావి గోడలా వాలుగా కట్టిన గుండ్రటి ట్రాకుల మీద వీటితో పందేలు వేసేవాళ్ళట. నిజం చెప్పొద్దూ, బండి అందంగానే ఉంది.

"బ్రేకులేవిరా?" అన్నాను.

"వాటికి బ్రేకులుండవు మా. అదే దాని స్టైలు."

ఆ రాత్రి నేను కూడా ఫోను పట్టుకుని చదివాను. 1912 సెప్టెంబరు 8న నెవార్క్ అనే ఊళ్ళో ఎడ్డీ హాషా అనే కుర్రాడి బండి అదుపు తప్పి గట్టు ఎక్కేసింది. అతనూ, ఇంకో రేసరూ, గట్టు మీద నిలబడి చూస్తున్నవాళ్ళూ చనిపోయారు. చూడ్డానికి వచ్చినవాళ్ళ ఇళ్ళలో కూడా అమ్మలు ఉండే ఉంటారు కదా అనిపించింది. పొద్దున్నే మావాడికి చెప్పాను. "రంగు నీ ఇష్టం, ఆకారం నీ ఇష్టం. రెండు చక్రాలకూ బ్రేకుండాల. లేదంటే ఆ బేసిన్‌తో సహా అన్నీ పాత సామాన్లకు వేసేస్తా."

ఇంకో మాట కూడా తేల్చుకోవాల్సి వచ్చింది. హిందూపురం రోడ్డు మీద నడిపి వీడియో తీస్తాడట! మన మోటారు వాహనాల చట్టంలో 25 సీసీ లోపు ఇంజనున్న చిన్న బండికి మినహాయింపు ఉంది. ఇది 50 సీసీది. ఇంట్లో చేసిన ఇలాంటి బండికి రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కడం నేరం. ఏదైనా జరిగితే బీమా కూడా ఉండదు. "మన చేన్లో నడుపుకో, గేటు దాటితే ఒప్పుకోను" అన్నాను. మూతి ముడుచుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు.

అసలు కష్టం మా ఆయనతో వచ్చింది. కొట్టంలో ఖాళీ చట్రం చూసి ఒక్క మాటా అనలేదు. అరిచినా బాగుండేది. రెండు వారాలు కొడుకుతో మాట్లాడలేదు. అన్నం పెట్టేటప్పుడు "వానికి చెప్పు" అని నాకే చెప్పేవారు. మధ్యలో గోడలా నేను. బండి విప్పింది వాడైతే, ఆయనకు వాళ్ళ నాయన మళ్ళీ పోయినట్టు అనిపించిందని నాకు అర్థమైంది. వాడికి ఎట్లా చెప్పాలో మాత్రం అర్థం కాలేదు.

పని సాగింది. సైకిలు గొట్టాలు పల్చన, మామూలు వెల్డింగు పెడితే తూట్లు పడతాయట. గ్యాసు మంటతో ఇత్తడి కరిగించి అతికించుకొచ్చాడు. మొపెడ్ చక్రం చిన్నది కాబట్టి, వెనక దాని డ్రమ్ము బ్రేకు హబ్బునే పెద్ద రిమ్ముకు పొడుగు స్పోకులతో అల్లించాడు. ముందుకు సైకిలు బ్రేకు. పొయ్యి దగ్గర పెట్రోలు సీసా పెట్టినందుకు ఒకసారి నా చేత గట్టిగా తిట్లు తిన్నాడు. సీటు తోలు నేనే కుట్టాను. నా పాత హ్యాండ్‌బ్యాగు కోసి, మిషను సూది దిగకపోతే, వేరుశనగ మూటలు కుట్టే దబ్బనంతో.

ఒక సాయంత్రం మా ఆయన చేను నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే బండి దగ్గర కూర్చున్నారు. వెనక చక్రం తిప్పారు, బ్రేకు పట్టారు. చాలాసేపటికి, "ఈ డ్రమ్ముకు పట్టీ ఏదిరా?" అన్నారు. బ్రేకు పట్టినప్పుడు లోపలి ప్లేటు చక్రంతో పాటు తిరిగిపోకుండా ఒక ఇనుప పట్టీతో ఫ్రేముకు బిగించాలట. అది లేకపోతే బ్రేకు ఉన్నా లేనట్టే. మావాడు మర్చిపోయాడు. నాకైతే అలాంటిదొకటి ఉంటుందనే తెలియదు. మా ఆయనే కొట్టంలోకి వెళ్ళి, పాత చట్రం నుంచి ఆ పట్టీ విప్పుకొచ్చి బిగించారు. "మీ తాత బ్రేకు చూసుకోకుండా ఏ పొద్దూ బండి తీయలేదు" అన్నారు. రెండు వారాల తర్వాత కొడుకుతో ఆయన అన్న మొదటి మాటలు అవే.

మొన్న ఆదివారం, వేరుశనగ పీకేసిన చేన్లో నడిపారు. హెల్మెట్ నేనే బకిల్ పెట్టాను. మావాడు రెండు చుట్లు వేశాడు. మూడో చుట్టులో గట్టు మీదున్న మేకపిల్ల అడ్డమొచ్చింది. నా గుండె ఆగిపోయింది. బండి మాత్రం గీత గీసినట్టు ఆగింది. మేకపిల్ల అటే చూస్తూ నిలబడింది. తర్వాత మా ఆయన ఎక్కారు. వద్దన్నా వినలేదు.

చేను ఇంటి వెనకే. ఆ చప్పుడు విని మా అత్త బయటికి వచ్చింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. చేతిలో చెంబు నీళ్ళు. మామ బండి చప్పుడు వింటే నీళ్ళు తీసుకుని గడప దగ్గరికి రావడం ఆమెకు ముప్ఫై ఏళ్ళ అలవాటు. మేమందరం నోరు మూసుకున్నాం. కాసేపు చెవి పెట్టి విని, "ఇది ఆయన బండి కాదులే. ఆయనది ఇంత అరిచేది కాదు" అంది.

అని, ఆ నీళ్ళు మనవడికిచ్చింది.

మర్నాడు కాలేజీ నుంచి రాగానే మావాడు బండి పక్కన కూర్చున్నాడు. "ఏం చేస్తాండావు?" అన్నాను. "సైలెన్సరు మారుస్తాండా మా" అన్నాడు. పాత చట్రానికున్న సైలెన్సరును డీజిల్లో కడుగుతున్నాడు, నా బేసిన్‌లోనే. ఈసారి ఏమీ అనలేదు. ఇడ్లీ పిండికి కొత్తది కొనుక్కున్నాను.